బాతు కోటు మీద తలకట్టు

పోయిన వారం పద్మినిని యాంగోన్‌లోని లమ్మడా పేటలో, తన ఫ్లాటులో, కిటికీ పక్క బల్ల ముందు, చేతిలో భూతద్దంతో వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. బల్ల మీద యుద్ధకాలపు వైమానికుడి తోలు కోటు. కోటు వీపు మీద, ముక్కున బియ్యం మూట కరుచుకుని ఎగురుతున్న తెల్ల బాతు. దాని కింద బర్మా లిపిలో ఒకే ఒక్క మాట, ‘వుంబే’. బాతు కింద బాతు అని రాశారన్నమాట. ఆ మాటలో మొదటి అక్షరం నెత్తిన, ఉండకూడని చోట ఒక చిన్న టిక్కు ఉంది.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. పద్మిని వృత్తి ఇలాంటి కోట్లు చూసి అసలువో నకిలీవో తేల్చడం. ఆవిడ ఔనంటే ఔను, కాదంటే కాదు. యాంగోన్‌లో పాత వస్తువులు అమ్మేవాళ్లకీ, పై దేశాల మ్యూజియంల వాళ్లకీ ఆవిడ మాటే చాలు. ఆ పరీక్ష పద్ధతిలో పెద్ద రహస్యం కూడా లేదు. బొమ్మ వేయించుకున్న కోటుని ఏళ్ల తరబడి తొడుక్కుంటే, తోలు ముడతలు పడ్డచోటల్లా రంగు కూడా పగులుతుంది. పాత తోలు మీద నిన్నగాక మొన్న బొమ్మ వేస్తే రంగు ముడతల్లోకి దిగి కూర్చుంటుంది. అల్ట్రావయొలెట్ ఊదా దీపం కింద పెడితే ఈ కాలపు దారం నీలంగా మిలమిలలాడుతుంది, ఆ కాలపు దారం మొహం మాడ్చుకుని ఉంటుంది. బాతు కోటు అన్ని పరీక్షలూ నెగ్గింది. అన్నీ నెగ్గాక, ఇంకేముందిలే అనుకుంటుండగా టిక్కు కనపడింది.

ఆ టిక్కుని మనం తలకట్టు అంటాం. బర్మా లిపిలోనూ అచ్చం అలాంటి గుర్తే ఒకటుంది, కాని రెండింటికీ క్షణం పడదు. మన తలకట్టు అక్షరానికి అకారం ఇచ్చి నోరు తెరిపిస్తుంది. వాళ్ల గుర్తు అక్షరం నోరు మూయిస్తుంది. దాని పేరు అతట్, అంటే చంపడం. బడి మొహం చూసిన బర్మా మనిషెవరూ బాతు మొదటి అక్షరాన్ని చంపుకోరు. సున్నాలాంటి ఆ అక్షరానికి తలకట్టు పెడితే అది అచ్చంగా మన ‘ర’ అయి కూర్చుంటుంది. గుండ్రటి అక్షరం కనపడితే చాలు, చెయ్యి ఆగక నెత్తిన తలకట్టు పెట్టేసే మనిషి ఈ ఊరు మొత్తం మీద పద్మినికి తెలిసి ఒక్కడే. ఆవిడ నాన్న అచ్చెన్న.

బోటాటౌంగ్ పేటలో సగం బోర్డులు ఆయన రాసినవే. టీ కొట్ల దగ్గర కూర్చున్న బర్మా ముసలివాళ్లు “ఊ అచ్చెన్న ఇవాళ ఎన్ని అక్షరాల్ని చంపాడో” అని నవ్వుకునేవారు. పెద్ద మగవాళ్లని ‘ఊ’ అనీ, ఆడవాళ్లని ‘మ’ అనీ పిలవడం అక్కడి మర్యాద. ఆయనా నవ్వేవాడు, మర్నాడు మళ్లీ చంపేవాడు. ఎనభైకి దగ్గర పడ్డాక నిచ్చెన మీంచి జారిపడితే పద్మిని కుంచెలన్నీ కట్టగట్టి దాచేసి, ఇంక ముట్టుకోనని ఒట్టు వేయించుకుంది. అలాంటి మనిషి కొన్నాళ్లుగా పొద్దున్నే పడవెక్కి నది దాటి అవతలి ఒడ్డున ఉన్న దలాకి వెళ్తున్నాడు. ఎందుకంటే గాలి కోసం అంటాడు. ఆ గాలికి కుంచెలు కడిగే కిరసనాయిలు వాసన.

బాతు కోటు దొరికిందీ దలాలోనే.

ఇంకో సంగతి పద్మిని గుండెని మరీ నొక్కేసింది. రంగు ఎలా పగలాలో, దారం ఎలా ఉండాలో, దొంగ కోటు ఎక్కడ దొరికిపోతుందో రోజూ అన్నాలు తినేటప్పుడు నాన్నకి వివరంగా చెప్పింది తనే. ఆయన ఊఁ కొడుతూ ఎంత శ్రద్ధగా వినేవాడో. నా కూతురు ఎంత తెలివైందో అని వింటున్నాడనుకుంది. ఇప్పుడు ఆ శ్రద్ధే ముల్లులా గుచ్చుతోంది.

ఫోను మోగింది. కోటు తెచ్చిన ఊ సాన్ ట్వే. లమ్మడాలోనే పాత సామాన్ల దుకాణం ఆయనది.

“మ పద్మినీ, బాతు కోటు పైలట్ మనవరాలు వచ్చి కూర్చుంది. ఇంత దూరం వాళ్ల తాత బాతుని చూడ్డానికే వచ్చిందట. టీ మీద టీ తాగుతోంది. ఏం చెప్పను?”

“సాయంత్రం చెప్తాను, ఊ సాన్ ట్వే.”

“నీ గొంతేమిటి అలా ఉంది?”

“జలుబు” అని పెట్టేసింది.

అసలుదని చెబితే ఆ పిల్లని మోసం చేసినట్టు. నకిలీదని చెబితే ఎవరు వేశారని అడుగుతారు. ఈ తలకట్టు సంగతి తెలిసినవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. ఇన్నాళ్లూ ఆవిడ ఔనన్న కోట్ల మీద కూడా అనుమానం పడుతుంది. అదంతా ఎలాగోలా భరించొచ్చు. నాన్న ఎదురుగా కూర్చుని రేపటి నుంచి అన్నం ఎలా తినాలో మాత్రం ఆవిడకి తోచలేదు. కోటుని పాత దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని, బస్సెక్కి రేవుకి పోయింది.

దలా పడవ కిక్కిరిసి ఉంది. కూరగాయల గంపలు, సైకిళ్లు, పిట్టలకి తిండి విసురుతూ ఫొటోలు తీసుకునేవాళ్లు. అందరి మొహాల్లోనూ ఏదో ఒక కులాసా. పద్మినికి వాళ్లందరి మీదా కోపం వచ్చింది.

దలాలో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. నాన్నకి అక్కడున్న స్నేహితుడు ఒక్కడే, పడవలు బాగుచేసే వీరన్న. ఒడ్డు మీద అతని పాక పక్కన బోర్లించిన పడవ ఒకటి, దాని మీద కాళ్లు బార్లా చాపుకుని అచ్చెన్న, ఎడం చేతిలో కుంచె. పడవ పక్క చెక్క మీద పచ్చరంగుతో నెంబరు వేస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. కూతుర్ని చూడగానే రాగం ఆగిపోయింది. కుంచె వీపు వెనక్కి పోయింది.

“ఏటే, నువ్విక్కడికెలాగొచ్చినావు?”

“పడవెక్కి. నువ్వెలాగొచ్చినావో అలాగే.”

“నాను ఊరికే గాలికని...”

“గాలి పచ్చగా ఉంటాదేటి నాన్నా? నీ మీసానికి అంటుకుంది.”

వీరన్న ఇద్దరి మొహాలూ చూశాడు. “నాకేటీ తెల్దు తల్లీ, టీ అట్టుకొస్తాను” అంటూ అక్కణ్ణుంచి జారుకున్నాడు. స్నేహితులంటే అంతే మరి, గాలివాన ముందే పసిగడతారు.

పద్మిని మూటని పడవ మీద పెట్టి దుప్పటి కొంచెం తొలగించింది. ముందు కోటు చెయ్యి కనపడింది, తర్వాత కింది అంచు. అచ్చెన్న కళ్లజోడు సర్దుకుని వంగాడు. ఇంకొంచెం తొలగించింది. బాతు తోక, రెండు పసుప్పచ్చ కాళ్లు. పైభాగమంతా ఇంకా దుప్పట్లోనే ఉంది.

ఆయన చాలాసేపు చూశాడు. కుంచె సంగతి మరిచిపోయి చెయ్యి ముందుకు తెచ్చుకున్నాడు.

“బాతు” అన్నాడు మెల్లిగా. “దాని ముక్కున బియ్యం మూట ఉండాల.”

పద్మిని ఇంకా బియ్యం మూట చూపించనే లేదు. దారంతా ఏడుకొండలవాడికి మొక్కుకుంటూ వచ్చింది, నాన్న ఈ కోటుని ఎరగనని చెప్తే చాలని. ఆ మొక్కు అక్కడే తేలిపోయింది. పడవ అంచు మీద కూలబడింది.

“ఎందుకు సేసినావు నాన్నా?”

అచ్చెన్న తల వంచుకున్నాడు. “ఏటి సెయ్యమంటావు తల్లీ. సేతులు ఊరుకోవు. నీకు సెప్తే ఒద్దంటావు. వీరన్న అడిగినాడు, కాదనలేకపోయినాను.”

“వీరన్న బాబాయి కూడా ఉన్నాడా ఇందులో?”

“ఆడి కోసమే గదేటి.”

“ఎన్ని సేసినావు?”

ఆయన వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. “ఓ ఇరవై ఉంటాయి.”

“ఇరవై కోట్లా?” అంది పద్మిని, కళ్లు ఒత్తుకుంటూ.

సరిగ్గా అప్పుడే టీ గ్లాసులతో వచ్చిన వీరన్న అడుగు తడబడ్డాడు. “ఎవుడికే ఇరవై కోట్లు?” అన్నాడు. ఒక గ్లాసు ఒలికి అతని లుంగీ మీద పడింది, అది కూడా గమనించలేదు.

“కోట్లేటే?” అన్నాడు అచ్చెన్న తెల్లబోయి. “పడవలు. ఇరవై పడవలకి నెంబర్లేసినాను. నిచ్చెన ఎక్కనేదు, నీ మీదొట్టు. బోర్లించిన పడవ మీద కూకునే వేస్తన్నాను. అందుకేనా ఇంతలాగ ఏడుస్తన్నావు?”

పద్మిని దుప్పటి పూర్తిగా తీసేసి కోటుని పరిచింది. బాతు, మూట, మాట, తలకట్టు. ఆ తలకట్టు మీద వేలు పెట్టింది.

“ఇది నువ్వు ఏసింది కాదా?”

అప్పుడర్థమయింది ఆయనకి. కూతురు తనని ఏమనుకుందో అర్థమయింది. కోపం తెచ్చుకుంటాడేమోనని పద్మిని భయపడింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. కుంచెని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, బాతు తల మీద రెండు వేళ్లు ఆనించాడు. చంటిపిల్లని ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు.

“మా అయ్యది” అన్నాడు. “అచ్చయ్యది. నాను పుట్టకముందుది. సిన్నప్పుడు ఈ బాతు కతే సెప్పి నన్ను నిద్దరపుచ్చేవోడు. నిజంగా ఉందో నేదో నాకూ తెల్దు, ఇయ్యాల సూస్తన్నాను.”

ఆయన చెప్పిన కథ ఇదీ. యుద్ధంలో రంగంలోని, అంటే ఇప్పటి యాంగోన్‌లోని, మనవాళ్లంతా కొండలు దాటి నడిచి ఇండియాకి పోయారు. అచ్చయ్య తల్లి నడవలేనిది, అందుకని ఆయన ఉండిపోయాడు. యుద్ధానికి ముందు రేవులో పెట్టెల మీద గుర్తులు వేసిన చెయ్యి అది. యుద్ధం అయిపోయే రోజుల్లో బియ్యం మోసుకొచ్చే విమానాలు దిగాయి. వాటిలో ఒక అమెరికా కుర్రాడికి వానంటే లెక్కలేదట. అందరూ విమానాలు దించి కూర్చున్న రోజున కూడా తడుస్తూ ఎగిరి వచ్చేవాడట. తోటివాళ్లు అతన్ని బాతు అనేవారు. అతనే అచ్చయ్యని వెతుక్కుంటూ వచ్చి కోటు వీపు మీద బాతుని వేయించుకున్నాడు. దాని కింద ఈ దేశం భాషలో పేరు రాయమన్నాడు.

“మా అయ్యకి బర్మా మాట్టాడ్డం వచ్చుగాని రాయడం రాదు. టీ కొట్టోడి సేత నేల మీద ముగ్గుతో రాయించుకుని, అది సూసి దింపినాడు. దింపేటప్పుడు సెయ్యి ఊరుకుందేటి? తలకట్టు ఎట్టేసింది. సూసినోళ్లంతా ఒకటే నవ్వు. ఆ కుర్రోడికి ఎందుకు నవ్వుతన్నారో తెల్దు, ఆడూ నవ్వినాడంట. ఆ తరవాతొకసారి ఈ దలాలోనే ఆడి ఇమానం పొలాల్లో దిగిపోతే, పడవోడొకడు వానలో నది దాటించినాడు. ఆ పడవోడికి సలేస్తందని కుర్రోడు కోటు ఇచ్చేసి ఎల్లిపోయినాడు. నా తలకట్టు మా అయ్య దగ్గిర నేర్సినదే. ఎవుడెంత నవ్వినా మానాలనిపించనేదు.”

కూతురిగా పద్మినికి ఇది చాలు. కాని అక్కడ కూర్చున్నది కూతురు ఒక్కతే కాదు, సాయంత్రం మాట చెప్పాల్సిన మనిషి కూడా ఉంది. కథలు చెప్పి కోట్లు అంటగట్టేవాళ్లని ఆవిడ చాలామందిని చూసింది. కళ్లు తుడుచుకుని సంచిలోంచి భూతద్దం తీసింది.

“నాన్నా, ఆ పడవ మీద వుంబే అని రాయి. ఎప్పుడూ రాసినట్టే రాయి.”

“ఇప్పుడు రాయమంటావా? ఒట్టు?”

“ఒట్టు నేను తీసేస్తన్నాను. రాయి.”

అచ్చెన్న మొహం వెలిగిపోయింది. ఎడం చేత్తో కుంచె తీసుకుని పచ్చరంగులో ముంచాడు. సున్నా చుట్టాడు. తర్వాత కుంచె కుడివైపు పైన ఆనించి, ఎడమకి కిందికి లాగి, చివర చిన్న మలుపు తిప్పాడు. తలకట్టు పడింది. పద్మిని చిన్నప్పటి నుంచీ వేలసార్లు చూసిన చేతివాటమే అది. చూసి చూసి చూడ్డం మానేసింది.

కుంచె ఆనిన చోట రంగు ఒత్తుగా పడుతుంది, లాగేకొద్దీ పలచబడుతుంది. అచ్చెన్న తలకట్టుకి లావు కుడివైపున ఉంది, తోక ఎడమవైపు సన్నబడింది. పద్మిని కోటు మీదకి వంగింది. తలకట్టు మీద భూతద్దం ఆనించింది. బాతు తలకట్టుకి లావు ఎడమవైపున ఉంది. తోక కుడివైపుకి ఎగిరిపోయింది. రంగు పగుళ్లు కూడా ఆ తోకని అడ్డంగా కోస్తూ తోలులోకి దిగాయి, ముసలి చేతి మీది ముడతల్లా.

“తాత ఏ చేత్తో రాసేవాడు?”

“కుడి సేత్తో. నాను ఎడం సేత్తో కుంచె అట్టుకున్నప్పుడల్లా ఆ కుడి సేత్తోనే వీపు ఇమానం మోత మోగించేవోడు.”

పద్మిని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నాన్న దొంగ కాదు. తను మోసపోలేదు. ఇంకో పక్క సిగ్గు కూడా వేసింది. అక్షరం నెత్తిన టిక్కుని అంత దీక్షగా చూసిన మనిషి, అది ఏ వైపు నుంచి పడిందో చూడలేదు. భయం వేస్తే ఎంత నేర్పున్నా కళ్లకి గంతలు పడతాయి.

“నన్ను తిట్టు నాన్నా. దొంగబొమ్మలు వేశావనుకున్నాను.”

“తిట్టడమెందుకే. మా అయ్య అంతటోడిలాగ ఏసినాననుకున్నావు గదా” అన్నాడు అచ్చెన్న. ఆయన నిజంగానే పొంగిపోతున్నాడు. “కాని ఒట్టు తీసేసినట్టే గదా? మళ్లీ మాట మారుస్తావేటి?”

“పడవలైతే వేసుకో. నిచ్చెన ఎక్కినట్టు తెలిసిందో, వీరన్న బాబాయిని కూడా కలిపి తంతాను.”

“నానేటి సేసినాను?” అన్నాడు వీరన్న, తడిసిన లుంగీ పిండుకుంటూ. “ఇరవై కోట్ల మాటేటో ఇంకా నాకు తెలనేదు.”

అక్కణ్ణుంచే ఊ సాన్ ట్వేకి ఫోను చేసింది.

“అసలుదే. తప్పు రాసింది మా తాత.”

“ఎవరూ?”

“మా తాత. సాయంత్రం వచ్చి అంతా చెప్తాను. ఆ అమ్మాయికి ముందు అసలుదని చెప్పండి.”

అవతల ఊ సాన్ ట్వే ఇంగ్లీషులో ఏదో అనడం, కుర్చీ జరిగిన చప్పుడు, ఒక ఆడగొంతు వెక్కిళ్లు వినిపించాయి. కాసేపటికి ఆయన మళ్లీ పలికాడు. “జలుబు తగ్గినట్టుందే. ఆ చిత్రకారుడి కొడుకుని చూడాలంటోంది. తీసుకొస్తావా?”

తిరుగు పడవలో తండ్రీకూతుళ్లకి చోటు దొరికింది. పొద్దున కోపం తెప్పించిన పిట్టల సంబరమే ఇప్పుడు ముద్దొచ్చింది, పద్మిని కూడా ఒక పొట్లం కొని విసిరింది. అచ్చెన్న కోటుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్న కూరగాయలావిడకి బాతు కథ బర్మాలో మొదలెట్టాడు. తలకట్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి పద్మినికి కడుపు నిండిపోయింది. ఇన్నాళ్లూ తన పని గురించి నాన్నకి మాటలతో చెప్పడమే గాని, ఎప్పుడూ చూపించలేదని గుర్తొచ్చింది. ఫోను తీసి, ఇంతవరకూ పరీక్షించిన కోట్ల ఫొటోలు ఒకటొకటిగా జరిపింది.

“ఇదిగో, ఇది గద్ద. ఇది ఏనుగు. ఇది పులి, పోయినేడు నా మాట మీద పై దేశం మ్యూజియానికి ఎళ్లిపోయింది. దీని రంగు పగుళ్లు ఎంత బాగుంటాయో చూడు.”

పగుళ్లు కనపడాలని వేళ్లతో ఫొటోని పెద్దది చేసింది. పులి తోక కింద సన్నటి గీతలాంటి చోట బర్మా అక్షరాలు తేలాయి, చీమల బారంత. పోయినేడు వాటిని చదివినప్పుడు గుర్తులన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయని చూసిందే గాని, ఏది ఎటు నుంచి పడిందో చూడలేదు. ఇప్పుడు చూస్తే, వాటిలో గుండ్రటి అక్షరం ఒకటి నెత్తిన టిక్కు పెట్టుకుని ఉంది. లావు కుడివైపున, తోక ఎడమవైపున.

పద్మిని వేలు అక్కడే ఆగిపోయింది. అచ్చెన్న కథ చెప్పడం ఆపేశాడు. ఫోనుని చేతిలోకి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. పడవ అవతలి ఒడ్డుకి తగిలింది, జనం లేచి తోసుకుంటున్నారు. ఆయన మాత్రం లేవలేదు.

“ఇది నానేసిందేనే” అన్నాడు. “కాని కోటు మీద కాదు.”

(మిగతాది వచ్చే వారం)